ముంపు ఊరి దుకాణం, కొత్త కాలనీలో ఎండుచేపల బుట్ట: ఒక కేస్ స్టడీ

అది ముంపు ఊళ్ళో దుకాణం నడిపిన ఒక అక్క ఖాతా పుస్తకం, రెండు వందల పేజీల పొడుగు నోట్‌బుక్కు. అట్ట ఊడిపోతే గోనెసంచి ముక్క పెట్టి కుట్టుకుంది. ఇంటికొక పేజీ. చదువు రాని వాళ్ళు కూడా తమ పేజీని గుర్తుపట్టాలని పైన బొమ్మలు గీసింది: ఒకరికి బర్రె, ఒకరికి పడవ, ఇంకొకరికి వేపచెట్టు. 2022 జూలైలో గోదావరి ఇంట్లోకి వచ్చినప్పుడు ఆమె చేతపట్టుకుని బయటపడినవి మూడే. ఆధార్ కార్డుల కవరు, అత్తగారి మందులు, పాలిథిన్ సంచిలో చుట్టిన ఈ పుస్తకం.

"సరుకు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు మేడమ్. ఎవరు ఎంతివ్వాలో పోతే ఎక్కడ కొనుక్కుంటాం?" అంది, మొదటిసారి నాకు చూపించినప్పుడు.

పోలవరం ముంపు గ్రామాల నుంచి జంగారెడ్డిగూడెం వైపు కాలనీలకు వచ్చిన కుటుంబాలతో నేను ఒక సంస్థ తరఫున జీవనోపాధుల పని చేస్తున్నాను. ఈ అక్క పేరు, ఊరు రాయడం లేదు. ఆమెది కుక్కునూరు వైపు గోదావరి ఒడ్డు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు, అత్తగారు ఆమె దగ్గరే ఉంటారు, కూతురికి ఇక్కడికి వచ్చాకే పెళ్ళి చేసింది. మేం సాయం చేసిన వాళ్ళలో ఎక్కువ సంపాదిస్తున్నది ఈమె కాదు. కానీ మేం ఎక్కడ తప్పు చేశామో ఈమె దగ్గర తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియలేదు. అందుకే ఈ కేసు రాస్తున్నాను.

రేవు పక్క వసారా

పాత ఊళ్ళో ఆమె దుకాణమంటే ఇంటి ముందు వసారా. నాలుగు చెక్క అరలు, ఒక తక్కెడ, బయట బల్ల మీద టీ ఫ్లాస్కు. ఉప్పు, పప్పు, సబ్బులు, చుట్టలు, ఎండుచేపలు ఉండేవి. లాంచీ రేవుకు వెళ్ళే దారి ఆ ఇంటి ముందునుంచే కాబట్టి పొద్దున ఎక్కేవాళ్ళు టీ తాగేవాళ్ళు, సాయంత్రం దిగేవాళ్ళు సరుకు పట్టుకెళ్ళేవాళ్ళు. అన్ని ఖర్చులూ పోను నెలకు తొమ్మిది పదివేలు మిగిలేవని ఆమె లెక్క. పుస్తకం తిరగేస్తే నాకూ అంతే వచ్చింది.

ఆ వ్యాపారం నడవడానికి రెండు అప్పులు ఆధారం. ఒకటి ఆమె ఇచ్చేది, రెండోది ఆమెకు ఇచ్చేది. భద్రాచలంలో హోల్‌సేల్ షావుకారు పదిహేను రోజుల గడువుతో సరుకు వేసేవాడు. ఈమె ఊళ్ళో వాళ్ళకు నెలల తరబడి ఖాతా రాసేది. నెలల తరబడి ఎందుకంటే అక్కడ డబ్బు కాలాన్నిబట్టి వస్తుంది. మిరప కోతలప్పుడు కొంత, చింతపండు అమ్మినప్పుడు కొంత, ఎండాకాలం తునికాకు డబ్బులు పడ్డాక మిగతాది తీరేది. ఎవరింటికి ఏ నెలలో డబ్బొస్తుందో ఈమెకు నోటికి వచ్చు. ఎవరికి ఎంతవరకు రాయొచ్చో, ఎవరి దగ్గర ఆపాలో కూడా.

నది విషయంలోనూ అంతే. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, 48కి రెండోది, 53కి మూడోది. ఫోన్లో అడుగులు వింటూ కింది అర ఎప్పుడు ఖాళీ చేయాలో, పై అర ఎప్పుడు దించాలో లెక్కేసుకునేది. 2022లో ఆ లెక్క పనిచేయలేదు. భద్రాచలంలో నీళ్ళు 71 అడుగులు దాటాయి, 1986 తర్వాత అంత రావడం అదే. దిగువన పోలవరం దగ్గర కాఫర్ డ్యామ్ (నదిని అడ్డగించే తాత్కాలిక కట్ట) కట్టి నదిని స్పిల్‌వే (గేట్లున్న కట్టడం) మీదుగా మళ్ళించి అప్పటికి ఏడాది. నీళ్ళు తీశాక వెనక్కి వెళితే అరలు లేవు, వసారా లేదు. ఆ శీతాకాలంలోనే కాలనీకి వచ్చేశారు.

ప్యాకేజీ ఎటు పోయింది

పోలవరం గురించి మాట్లాడేటప్పుడు అందరి నోటా వినిపించే పునరావాస ప్యాకేజీ అంకెలు రెండు: గిరిజనేతర కుటుంబానికి 6.36 లక్షలు, గిరిజన కుటుంబానికి 6.86 లక్షలు. ఇవి 2013 భూసేకరణ చట్టంలోని రెండో షెడ్యూలు నుంచి వచ్చాయి. ఉద్యోగానికి బదులు 5 లక్షలు, ఏడాది జీవనభృతి నెలకు 3 వేల చొప్పున 36 వేలు, సామాన్ల రవాణాకు 50 వేలు, పునరావాస భత్యం 50 వేలు. షెడ్యూల్డ్ ప్రాంతం నుంచి కదిలిన గిరిజనులకు, దళితులకు ఇంకో 50 వేలు.

కూడి చూసుకోండి, సరిగ్గా సరిపోతుంది. సరిపోతుంది కాబట్టే ఇందులో ఏది లేదో కూడా తెలుస్తుంది. అదే షెడ్యూలులో చిన్న దుకాణం ఉన్న కుటుంబానికి దుకాణం కట్టుకోవడానికి కనీసం 25 వేలు ఇవ్వాలని ఉంది. చేతివృత్తుల వాళ్ళకు, చిరు వ్యాపారులకు, స్వయం ఉపాధి వాళ్ళకు ఒకేసారి ఇచ్చే సాయం కనీసం 25 వేలని విడిగా ఇంకో అంశం ఉంది. ఈ రెండూ ఆ 6.36లో లేవు. విడిగా అడగాలి, అడిగితే "నీకు దుకాణం ఉందని రుజువేంటి?" అంటారు.

ఈమె దగ్గర రుజువు లేదు. ఇల్లు బావగారి పేరు మీద ఉంది. కట్టడాల సర్వేకు వచ్చిన వాళ్ళు దుకాణాన్ని "ఇంటి వసారా" అని రాసుకుపోయారు. కరెంటు మీటరు ఇంటిదే, లైసెన్సు లేదు, బోర్డు లేదు. ఇలా వసారాలోనో, వంటింటి కిటికీ దగ్గరో వ్యాపారం చేసే ఆడవాళ్ళు ముంపు ఊళ్ళలో ఎంతమందో. మగవాళ్ళ దుకాణాలకు ఎక్కువగా విడి షెడ్డు ఉంటుంది, తలుపు నంబరు ఉంటుంది, రికార్డులోకి ఎక్కుతుంది. చట్టంలో మాత్రం వివక్ష లేదు. వితంతువును, విడాకులు తీసుకున్న స్త్రీని, కుటుంబం వదిలేసిన స్త్రీని విడి కుటుంబంగా లెక్కించాలనే రాశారు. ఆ మాట పుణ్యాన ఈమెకు ఇల్లు, ప్యాకేజీ వచ్చాయి. దుకాణం మాత్రం వసారాగానే మిగిలిపోయింది.

వచ్చిన 6.36 లక్షల్లో పాత బాకీలకు, కూతురి పెళ్ళికి కలిపి 3.40 లక్షలు. కొత్త ఇంటికి వంట షెడ్డు, ప్రహరీ 90 వేలు. కొడుకు బండికి 85 వేలు. వరద తర్వాత నెలల తిండికి, అద్దెకు 50 వేలు. ఈ లెక్క చెప్పినప్పుడు మీటింగుల్లో ఎవరో ఒకరు "డబ్బు నిలబెట్టుకోవడం తెలియదు వీళ్ళకి" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళీడుకొచ్చిన కూతురు, కాలేజీ మానేసిన కొడుకు, పైకప్పు లేని వంటిల్లు ఉన్న ఇంట్లో డబ్బంతా ఒక్కరోజున ఖాతాలో పడితే ఎవరైనా ఏం చేస్తారు? మిగిలిన 71 వేలతో 2023 జనవరిలో ఆమె మళ్ళీ కిరాణా పెట్టింది.

ఏడు నెలల్లో మూత

కాలనీలో ఆమెది ఆరో దుకాణం. వేసవి వచ్చేసరికి తొమ్మిది అయ్యాయి. చేతిలో డబ్బుంది, పొలం లేదు, పని తెలియదు. అలాంటప్పుడు ప్రతివాళ్ళకీ ముందు తోచేది కిరాణాయే. కాలనీ మొత్తం మూడు వందల ఇళ్ళు.

రేవు లేదు కాబట్టి దారిన పోయే గిరాకీ లేదు. కొత్త టౌన్లో హోల్‌సేల్ వాళ్ళు ముఖం తెలియని మనిషికి అప్పుకు సరుకివ్వరు, రొక్కం పెట్టాలి. తను మాత్రం అలవాటుగా ఖాతా రాసింది. పాత ఊరి వాళ్ళే కదా, తీరుస్తారులే అనుకుంది. వాళ్ళేం మోసగాళ్ళు కాదు, కానీ వాళ్ళ డబ్బు వచ్చే తీరే మారిపోయింది. ఇక్కడ పని పామాయిల్ తోటల్లో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర, కోకోలో. కూలి శనివారం చేతికొస్తుంది, ఆదివారానికి ఖర్చయిపోతుంది. తునికాకు డబ్బులా ఒక్కసారిగా పడే మొత్తం ఏడాదిలో ఏ నెలలోనూ లేదు. పాత బాకీ తీర్చే రోజంటూ రాలేదు.

ఆగస్టులో షట్టరు దించేసింది. జనం దగ్గర 38 వేలు, షాపులో 9 వేల సరుకు, ఆమె నెత్తిన నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 20 వేలు.

అదే సమయంలో మేం కాలనీలో ఏం చేస్తున్నామో చెప్పుకోవాలి. కుట్టు శిక్షణ ఇస్తున్నాం. మూడు నెలలు, ఇరవై రెండు మంది, ఆఖర్న మిషన్లు. ఈమె కూడా వచ్చి కూర్చుంది, ఎందుకంటే రోజుకింత స్టైపెండు ఉండేది. ఇప్పుడు ఆ ఇరవై రెండు మిషన్లలో నాలుగు తిరుగుతున్నాయి, రెండు అమ్ముడుపోయాయి, మిగతావాటి మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. ఆడవాళ్ళంటే కుట్టు మిషన్ అని మా ప్రపోజల్లో ముందే రాసుకున్నాం. ఇక్కడికొచ్చిన వాళ్ళలో ఇరవై ఏళ్ళు వ్యాపారం చేసినవాళ్ళు ఉన్నారేమో అని ఒక్కరం అడగలేదు.

పుస్తకం ముందేసుకుని రెండు రోజులు

అక్టోబరులో, శిక్షణ అయిపోయాక, ఆమె ఆ నోట్‌బుక్కు తీసుకొచ్చింది. పాత బాకీలు వసూలు చేసి పెట్టమని అడగడానికే వచ్చింది. వసూళ్ళు మా పని కాదని చెప్పబోయి ఆగాను. ఇద్దరం కూర్చుని ప్రతి పేజీకీ ఎదురుగా ఆ ఇంటివాళ్ళు ఇప్పుడెక్కడున్నారో రాశాం.

మొత్తం 71 ఇళ్ళు, రావాల్సింది 64,300. ఇదే కాలనీలో 26 ఇళ్ళు. ఇంకో రెండు కాలనీల్లో 18. టౌన్లో అద్దెకు 9. హైదరాబాదుకో తెలంగాణ వైపు చుట్టాల దగ్గరికో పోయినవాళ్ళు 11. ఎక్కడున్నారో తెలియని ఇళ్ళు 7. పడవ బొమ్మ పేజీ తెలియనివాటిలోనే ఉంది. ఆ పేజీ దగ్గర ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

డబ్బు పరంగా ఆ రెండు రోజుల వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. తర్వాత ఏడాదిలో 17 వేల దాకా వచ్చింది, అదీ అడిగితే కాదు, కనిపించినప్పుడు వాళ్ళంతట వాళ్ళే ఇచ్చింది. కానీ ఆ పేజీల్లో ఎవరు ఏం కొన్నారో కూడా ఉంది. పప్పు, సబ్బు అందరి పేజీల్లోనూ ఉన్నాయి, వాటికి ఇప్పుడు ఎనిమిది దుకాణాలున్నాయి. ప్రతి ఇంటి పేజీలోనూ ఉండి, కాలనీలో ఒక్క దుకాణంలోనూ లేనిది ఎండుచేప. వాసనని ఎవరూ పెట్టడం లేదు. సంతలో దొరుకుతుంది గానీ ధర ఎక్కువ, పైగా రకం తెలియదు.

"నాకు తెలిసిన పని అదే కదా మేడమ్, ముందే ఎందుకు తట్టలేదో" అంది. నాకు తెలిసిన కారణం ఒకటుంది. దుకాణమంటే ఒక చోట కూర్చుని అమ్మేదని ఆమె అనుకుంది, మేమూ అనుకున్నాం. గిరాకీ మూడు కాలనీలకు చెదిరిపోయాక కూర్చుంటే ఎవరొస్తారు? తనే వెళ్ళాలి.

బుట్ట, ఆటో, శనివారం

డిసెంబరులో మా రివాల్వింగ్ ఫండ్ (తిరిగొచ్చిన డబ్బుతో మళ్ళీ అప్పులిచ్చే నిధి) నుంచి 12 వేలు ఇచ్చాం. మొదటి రెండు వారాలు కిస్తీ లేదు, తర్వాత ప్రతి ఆదివారం. ఆదివారం పెట్టమన్నది ఆమే, శనివారం కూలి పడ్డాక తన చేతికి డబ్బొస్తుంది కాబట్టి. మా అకౌంటెంటు నెల కిస్తీ ఉండాలని పట్టుబట్టాడు, రిజిస్టరు అలా ఉందట. రిజిస్టరు మార్చుకోవడానికి నెల పట్టింది.

సరుకు నరసాపురం వైపు నుంచి వచ్చే వ్యాపారి దగ్గర తీసుకుంటుంది: నెత్తళ్ళు, ఎండురొయ్యలు, ఉప్పుచేప. మొదట్లో పాత ఊరి వాళ్ళు పెదవి విరిచారు. "ఇది ఏటి చేప కాదు, సముద్రపుది, ఉప్పు జాస్తి" అని. ఆమె వండే పద్ధతి చెప్పి అమ్మింది: వేడినీళ్ళలో వేసి ఒకసారి పారబోసి, తర్వాత వంకాయతో. వారంలో రెండు రోజులు ఒక్కో పక్క కాలనీకి షేర్ ఆటోలో, ఒకరోజు సంతకు, మిగతా రోజులు ఇంటి దగ్గరే.

కొత్త పుస్తకం పెట్టింది. ఇందులో బొమ్మలున్నాయి గానీ పద్ధతి మారింది. ఇంటికి 200 దాటి రాయదు, గడువు శనివారం. శనివారం తీరకపోతే మళ్ళీ తీరేదాకా సరుకు లేదు. పాత ఊళ్ళో అయితే ఇలా అనడానికి నోరు రాదంది. ఇక్కడ మొదటి నెలలో ఇద్దరు ఆడపడుచు వరసవాళ్ళు అలిగారు, తర్వాత వాళ్ళే వచ్చారు. మా ఆఫీసు వాళ్ళకు కూడా ఒక పేజీ ఉంది, గడువు అదే.

వారానికి ఆరువేల సరుకు తెస్తే ఎనిమిది వేల రెండొందల దాకా వస్తుంది. ఆటోకు, సంతలో ఆశీలుకు, తరుగుకు పోను పదిహేను వందలు మిగులుతాయి. వానాకాలంలో ఆరేడు వందలకు పడిపోతుంది. మంచి నెలల్లో కూడా పాత ఊరి ఆదాయంలో మూడింట రెండొంతులే వస్తోంది.

సంతలో చోటు

మా ప్లాన్లో లేని ఇబ్బంది సంతలో వచ్చింది. ఆశీలు కట్టినంత మాత్రాన చోటు దొరకదు. ఎవరి చోటు వాళ్ళది, తరాలుగా. కొత్తగా బుట్ట దించితే "లే అక్కణ్ణుంచి" అంటారు. పైగా కాలనీ కట్టిన స్థలం ఈ ఊరివాళ్ళ పశువులు మేసిన బీడు. ఆ కోపం ఉంది. ఇక్కడ మమ్మల్ని "ముంపోళ్ళు" అంటారని ఆమె నవ్వుతూనే చెబుతుంది, కానీ అత్తగారి ముందు ఆ మాట అననివ్వదు.

పంచాయతీకి అర్జీ పెట్టాం. రెండుసార్లు తిరిగాం. ఏమీ కాలేదు. చివరికి చోటు ఇప్పించింది మేం కాదు, కూరగాయలమ్మే ఒక పెద్దావిడ. "నా పక్కన కూర్చో అమ్మాయ్, చేపలకొచ్చినోళ్ళు వంకాయలు కూడా కొంటారు" అందట. వంకాయతో వండమని ఈమె చెబుతోంది కదా, ఆవిడ వ్యాపార బుద్ధి నాకు భలే నచ్చింది. ఇప్పుడు పిన్ని అని పిలుస్తుంది. ఆ తర్వాత మేం మిగతా మహిళల విషయంలో అర్జీలు తగ్గించి, సంతలో పాత వ్యాపారులను కలిసి, ఎవరి సరుకు పక్కన ఎవరి సరుకు పెడితే ఇద్దరికీ లాభమో మాట్లాడుతున్నాం.

కాలనీలోనే ఇంకో గొడవ నడిచింది. డాబా మీద పచ్చి చేప తెచ్చి ఎండబెట్టబోతే ఇరుగుపొరుగు ఒప్పుకోలేదు. పాత ఊళ్ళో ఏటి గట్టున ఎండేసేవాళ్ళు, ఇక్కడ గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు. ఎండబెట్టడం మానుకుంది. మానుకోవడంతో ఎక్కువ లాభం వచ్చే పని పోయింది. దానికి మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

కాగితాలు

పాత డ్వాక్రా గ్రూపులో పదిమంది, ఇప్పుడు మూడు కాలనీల్లో, రెండు టౌన్లలో ఉన్నారు. గ్రూపు అప్పు పాత బ్రాంచిలో మిగిలింది, ఇద్దరు కట్టడం లేదు. అది తీరకుండా కొత్త మండలంలోని గ్రామ సంఘం చేర్చుకోదు. "మీ పాత బాకీ మా నెత్తికెందుకు?" అంటారు. వాళ్ళ కోణంలో అది న్యాయమే. చిరు వ్యాపారులకు అప్పులిచ్చే కేంద్ర పథకం ముద్రలో శిశు రుణం 50 వేల దాకా హామీ లేకుండా ఇవ్వాలి. మేం వెళ్ళిన బ్యాంకులో పాత గ్రూపు బాకీ చూపించి తిప్పి పంపారు. ఆధార్‌లో చిరునామా కూడా నీళ్ళలో ఉన్న ఊరిదే.

ముందు ఆధార్ మార్పించాం. తర్వాత ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించాం. అప్పట్లో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న ఆహార వ్యాపారులకు రుసుము ఏడాదికి 100 రూపాయలే ఉండేది. తనిఖీ భయంతో చేయించింది కాదు. ఆమె పేరు, ఆమె వ్యాపారం, ఆమె కొత్త చిరునామా మూడూ ఒకే కాగితం మీద ఉండటం జీవితంలో అదే మొదటిసారి. ఫ్రేము కట్టించి గోడకు పెట్టింది, దేవుడి పటాల వరసలోనే. చిరు వ్యాపారాలను నమోదు చేసే కేంద్ర పోర్టల్ ఉద్యమ్ అసిస్ట్‌లో కూడా నమోదు చేశాం. ఇంకెవరి వసారానైనా రేపు సర్వే చేస్తే చూపించడానికి ఇలాంటి ముక్క ఒకటి చేతిలో ఉండాలని, ఇంకా ఖాళీ చేయని ఊళ్ళలో ఇప్పుడు ముందుగానే చేయిస్తున్నాం. కేసు మొత్తంలో ఇతర సంస్థల వాళ్ళు వెంటనే ఎత్తుకోదగ్గ పని ఇదొక్కటే అనుకుంటాను.

2024 ఆగస్టు

ఎడతెరిపి లేని వానల్లో బుట్టెడు నెత్తళ్ళు చెమ్మ పట్టి పురుగొచ్చాయి. 4,800 రూపాయల సరుకు. కొందరు వ్యాపారులు పురుగు రాకుండా మందు చల్లుతారు, ఆమె చల్లలేదు, గోతిలో పూడ్చేసింది. ఆ వారం కిస్తీ కట్టలేనని తనే ఫోన్ చేసింది. మూడు వారాలు ఆపాం. ఆపే వీలు మా నిబంధనల్లో అప్పటికి లేదు. కమిటీలో గట్టిగా మాట్లాడి పెట్టించాం. ఆ మూడు వారాలు ఆపకపోయి ఉంటే మళ్ళీ మూడు రూపాయల వడ్డీకే వెళ్ళేది, ఆ మాట తనే చెప్పింది. ఆ తర్వాత బిగింపు మూతల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు కొన్నాం, వానాకాలం సగం సరుకే తేవాలని అనుకున్నాం.

ఇప్పుడు రెండో విడత 25 వేలు నడుస్తోంది, కిస్తీలు సరిగ్గా వస్తున్నాయి. వడ్డీ అప్పు 20 వేలలో 8 వేలు మిగిలింది. దుకాణం సాయం 25 వేల కోసం భద్రాచలం షావుకారు పాత బిల్లుల నకళ్ళు, డ్వాక్రా రుణ పత్రంలో "కిరాణా" అని రాసి ఉన్న పేజీ జతచేసి అర్జీ ఇచ్చాం. అది ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పాత పుస్తకం కూడా పట్టుకొచ్చింది. అక్కడి ఉద్యోగి నాలుగు పేజీలు తిరగేసి, బొమ్మలు చూసి నవ్వి, "ఇది చెల్లదమ్మా" అని వెనక్కిచ్చాడు. ఆమె మళ్ళీ పాలిథిన్ సంచిలో చుట్టి చంకలో పెట్టుకుంది. అర్జీకి రసీదు ఇచ్చారు.